మూకీ కామెడీకి పక్కన ఇంత బాదుడు అవసరమా?

గేటుబజార్ గోపి
మొన్న శనివారం మన బరంపురంలో ఒక సంఘం వాళ్ళు అమెరికా హాస్యనటుడు బస్టర్ కీటన్ ‘స్టీమ్‌బోట్ బిల్ జూనియర్’ వేశారు. 1928 నాటి మూకీ. కీబోర్డు, వయొలిన్, తబలా, డ్రమ్ ప్యాడ్లు పెట్టి లైవ్‌గా వాయించారు. అమ్మనీ, ఇంటావిడనీ, పిల్లల్నీ పోగేసుకుని వెళ్ళాను. సినిమాకి వంక పెట్టడానికి లేదు. వాయిద్యాలతోనే తల వాచిపోయింది. కీటన్ కాలు జారితే ఢాం, టోపీ ఎగిరితే టింగ్, తలుపు పడితే ధన్. ఎక్కడ నవ్వాలో మాకు తెలియదన్నట్టు ప్యాడ్ల కుర్రాడే దగ్గరుండి నవ్వించాలని చూశాడు.

జైలు సీను చెబుతాను. తండ్రి లోపల, కొడుకు బయట. కొడుకు చేతిలో ఇంత పెద్ద రొట్టె, దాని పొట్టలో రంపం, ఆకురాయి లాంటి సామాను. తండ్రికి కోపం, తిననంటాడు. జైలరు చూడనప్పుడల్లా కీటన్ వేళ్ళతో సైగలు చేస్తాడు, ఊచలు కోసుకుని బయటికి రా అని. ఇంతలో వానకి నానిన రొట్టె అడుగు ఊడి సామానంతా దబదబా నేలమీద పడుతుంది. సామాను పడటం సగం నవ్వే. మిగతా సగం, పడ్డాక కీటన్ మొహం. ఆ మొహంలో ఏమీ ఉండదు, అదే నవ్వు. సరిగ్గా అక్కడ వీళ్ళు నాలుగు వాయిద్యాలూ ఒక్కసారిగా బాదారు. హాలంతా ఉలిక్కిపడి వాయించేవాళ్ళ వైపు తిరిగింది. మొహం ఎవడూ చూడలేదు.

వేరే ఊళ్ళో ఎవరైనా ఇలాంటి షో చూశారా? అంతటా ఇదే తంతా?

రాయగడ రాజు
నువ్వు తిరిగావా, లేదా?

గేటుబజార్ గోపి
తిరిగాను బాబూ. ఆ మొహం తర్వాత ఇంటికొచ్చి ఫోన్‌లో చూసుకున్నాను.

నిశ్శబ్దం ప్లీజ్
మూకీకి సంగీతం ఎందుకసలు? మాటల్లేని సినిమా, మాట్లాడకుండా చూడండి. నేను ఇంట్లో సౌండ్ తీసేసి చూస్తాను. హాయిగా ఉంటుంది.

రాయగడ రాజు
హాయిగా నిద్ర కూడా పడుతుంది.

గుణుపురం మాస్టారు
‘నిశ్శబ్దం ప్లీజ్’ గారికి. మూకీల కాలంలో హాలు ఏనాడూ మూగగా లేదండీ. పెద్ద పట్నాల్లో ఆర్కెస్ట్రా ఉండేది, చిన్న ఊళ్ళో ఒక పియానో. ఏ సీనుకి ఏ తరహా పాట వాయించాలో కాగితం మీద రాసి సినిమాతో పాటు పంపేవారు, దాన్ని క్యూ షీట్ అనేవారు. మన దేశంలో అయితే తెర పక్కన హార్మోనియం, తబలా. చదువు రానివాళ్ళ కోసం ఒక మనిషి నిలబడి, తెర మీద మాటలు రాసి చూపించే కార్డులు గట్టిగా చదివి కథ చెప్పేవాడు. జపాన్‌లో అలా చెప్పేవాళ్ళని బెన్షీ అనేవారు, జనం సినిమా తారల కోసం వచ్చినట్టే వాళ్ళ గొంతు కోసం కూడా వచ్చేవారు.

మన రఘుపతి వెంకయ్య గారు 1910 ప్రాంతంలోనే క్రోనోమెగాఫోన్ అనే యంత్రం తెప్పించి మద్రాసులో బొమ్మలు చూపించి, బర్మా, సిలోన్ కూడా తిరిగివచ్చారు. బొమ్మకి శబ్దం జోడించాలన్న తపన మొదటినుంచీ ఉంది. కాబట్టి గొడవ వాయించడం గురించి కాదు, ఎలా వాయించాలన్నదే.

మద్దెల మూర్తి
మాస్టారు అన్నది నిజం. ఎలా వాయించాలి అనేదానికి మనవాళ్ళ దగ్గర జవాబు ఎప్పటినుంచో ఉంది. పెళ్ళిలో సన్నాయి మేళాన్ని చూడండి. డోలు మనిషి ఊరికే కూర్చున్నట్టుంటాడు గానీ కన్ను మాత్రం పంతులుగారి చేతి మీదే. మాంగల్యం మెడ దగ్గరికి వెళ్ళేదాకా మామూలు వాయింపు, పంతులుగారు చెయ్యి ఊపగానే గట్టిమేళం. ముందే కొట్టేస్తే పెళ్ళివారు తిడతారు. సినిమాకి కూర్చున్నవాడు కూడా కళ్ళతో వాయించాలి.

ఇచ్ఛాపురం అల్లుడు
నేనూ ఆ షోకి వచ్చాను. గోపి గారూ, మీరు మరీ చీల్చి చెండాడేస్తున్నారు. పిల్లలు పడీ పడీ నవ్వారు. మావాడు ఇప్పటికీ ఇంట్లో ఏ గిన్నె పడినా ‘టింగ్’ అంటున్నాడు. వాడికి బస్టర్ కీటన్ ఎవరో నిన్నటిదాకా తెలియదు. ఆ ఢాం, టింగ్‌లు లేకపోతే పావుగంటలో ‘నాన్నా ఇంటికి పోదాం’ అనేవాడు.

గేటుబజార్ గోపి
పిల్లలు కీటన్‌ని చూసి నవ్వారా, టింగ్ విని నవ్వారా?

ఇచ్ఛాపురం అల్లుడు
నవ్వారు. నాకు అది చాలు.

జయపురం జానకి
శబ్దాలు చేయడం కొత్తగా పుట్టిన పాపం కాదు. ఆ రోజుల్లో అమెరికా హాళ్ళలో ఫోటోప్లేయర్ అని ఒక యంత్రం ఉండేది. మధ్యలో పియానో, పక్క పెట్టెల్లో డ్రమ్ములు, గంటలు, ఈలలు. తాళ్ళు లాగితే, పెడల్ తొక్కితే అవి మోగేవి. ఒక్క మనిషే కూర్చుని గుర్రం డెక్కల చప్పుడు నుంచి పోలీసు ఈల దాకా అన్నీ చేసేవాడు. కాబట్టి గోపి గారి ప్యాడ్ల కుర్రాడికి నూరేళ్ళ వంశవృక్షం ఉంది.

అయినా రొట్టె సీను విషయంలో నేను గోపి గారి పక్షమే.

రాయగడ రాజు
జానకి గారు రెండు పక్షాలకీ తలో ఓటు వేశారు. కోరాపుట్ జిల్లా రాజకీయం.

కీబోర్డు కిట్టు
ఆ రోజు కీబోర్డు మీద ఉన్నది నేనే. ఎవరో లింక్ పంపితే ఇక్కడికొచ్చాను. మా వైపు మాట కూడా వినండి.

మాకు పంపిన వీడియోలో సినిమా ఒక నిడివి. దానికి సీను సీనుకీ నిమిషాలు, సెకన్లు రాసుకుని ప్రాక్టీసు చేశాం. షో రోజు తెర మీద పడింది వేరే ప్రింటు. పడవల సీను వచ్చేసరికే మా కాగితానికీ తెరకీ పొంతన పోయింది. ఆపమని చెప్పడానికి లేదు, ముందు వరసలో శాలువాల వాళ్ళు కూర్చున్నారు.

రెండోది, మమ్మల్ని వేదిక కింద ఓ మూలన కూర్చోబెట్టారు. మెడ పూర్తిగా తిప్పితే సగం తెర కనబడుతుంది. రొట్టెలోంచి సామాను పడటం కనబడింది. కీటన్ మొహం ఉన్నది అవతలి సగంలో.

మూడోది, ప్యాడ్ల కుర్రాడు మెలోడీ ప్రోగ్రాములు, అంటే స్టేజీ మీద పాటల ఆర్కెస్ట్రాలు, చేసేవాడు. గంజాంలో మెలోడీ స్టేజీ ఎలా ఉంటుందో మీకు చెప్పక్కర్లేదు. అక్కడ ఒక్క మాత్ర ఖాళీ వదిలినా కింద నుంచి ‘బజా, బజా’ అని అరుపులు. ఖాళీ వదలడం వాడికి ఎవరూ నేర్పలేదు, వదిలితే డబ్బు తెగ్గోసేవారు.

గేటుబజార్ గోపి
మూల కూర్చోబెట్టారని మాకు తెలియదు కిట్టూ. అది వాళ్ళ తప్పే. కానీ కనబడనప్పుడు తగ్గించి వాయించాలి కదా? కనబడకపోతే ఇంకా గట్టిగా కొట్టారు.

కీబోర్డు కిట్టు
భయంలో చెయ్యి బరువెక్కుతుంది గోపి గారూ. ఒకసారి కూర్చుని చూడండి.

జయపురం జానకి
టోపీల సీను మాత్రం మీరు చాలా బాగా చేశారని మా తమ్ముడు చెప్పాడు. వాడూ వచ్చాడు.

కీబోర్డు కిట్టు
అది వయొలిన్ ఆవిడ గొప్పతనం. తండ్రి కొడుకుని టోపీల కొట్టుకి తీసుకెళ్ళి ఒకదాని తర్వాత ఒకటి పెట్టించి చూస్తాడు కదా, కీటన్ అద్దంలోకి చూస్తున్నట్టు నేరుగా మనవైపే చూస్తుంటాడు. ప్రతి టోపీకీ ఆవిడ రెండు మూడు స్వరాల ముక్క మార్చింది. నేను కింద ఒకే స్వరం పట్టుకుని కూర్చున్నాను. మధ్యలో కీటన్ ఎప్పుడూ పెట్టుకునే చదును టోపీ నెత్తిన పడుతుంది, తండ్రి చూసేలోపు కంగారుగా తీసి పారేస్తాడు. అక్కడ ఆవిడ కమాను ఎత్తేసింది. హాల్లో కీటన్ ముందే తెలిసినవాళ్ళు కొద్దిమందే, వాళ్ళు మాత్రం గట్టిగా నవ్వారు.

మద్దెల మూర్తి
చూశారా, వదిలిన చోటే పండింది. మరి ఇంటి గోడ పడే చోట ఏం చేశారు?

కీబోర్డు కిట్టు
నేను ఆపేశాను. తబలా ఆగలేదు.

సిరొంచ శ్రీను
ఆ గోడ సంగతి ఏమిటో కాస్త చెప్పండి. మాది గడ్చిరోలి జిల్లా, ప్రాణహిత ఒడ్డు. ఇక్కడ సినిమా హాలుకే దిక్కు లేదు, లైవ్ సంగీతం మాట దేవుడెరుగు. చదువుతుంటే చూడాలనిపిస్తోంది.

గుణుపురం మాస్టారు
తుఫానులో కీటన్ ఒక ఇంటి ముందు నిలబడి ఉంటాడు శ్రీనూ. వెనక రెండంతస్తుల ఇంటి ముందు గోడ మొత్తం ఊడి అతని మీదికి వాలిపోతుంది. పైన తెరిచి ఉన్న చిన్న కిటికీ సరిగ్గా అతను నిలబడిన చోట పడుతుంది కాబట్టి బతికిపోతాడు. ట్రిక్కు లేదు. గోడ బరువు రెండు టన్నుల దాకా ఉంటుందని చెబుతారు. కిటికీకీ అతని భుజాలకీ మధ్య కొన్ని అంగుళాల సందు. అడుగు అటూ ఇటూ అయితే అక్కడికక్కడే పోయేవాడు. కళ్ళు కూడా పెద్దగా ఆర్పడు, అక్కడినుంచి కదిలిపోతాడు.

మద్దెల మూర్తి
అలాంటి చోట తబలా వినబడిందంటే నాకే సిగ్గుగా ఉంది. నా సలహా. గాలి మొదలైన దగ్గర్నుంచి శ్రుతిపెట్టె ఒక్కటి సన్నగా మోగనివ్వాలి. మిగతావాళ్ళు వాయించుకుంటూ పోవాలి. గోడ కదలగానే అందరూ ఆగాలి, శ్రుతి మాత్రం ఆగకూడదు. అతను నాలుగడుగులు నడిచాక మద్దెల మీద ఒక్క చిన్న దెబ్బ. జనం ఊపిరి వదిలే చప్పుడు మనకి వినబడాలి.

నిశ్శబ్దం ప్లీజ్
అంటే చివరికి నా దారికే వచ్చారు.

మద్దెల మూర్తి
శ్రుతి మోగుతుండగా వదిలిన ఖాళీ వేరు, సౌండ్ తీసేసిన ఫోన్ వేరు.

గేటుబజార్ గోపి
తుఫాను గురించి ఒక మాట చెప్పాలి. కిట్టు కీబోర్డులో గాలి శబ్దం పెట్టాడు, హోరుమని. మొదట్లో బాగానే ఉంది. కీటన్ గాలికి ఎదురుగా ఏటవాలుగా వాలిపోయి ముందుకు కదల్లేక కాళ్ళాడిస్తుంటే పిల్లలు నవ్వుతున్నారు. పెద్దవాళ్ళు ఒక్కొక్కరూ ఆగిపోయారు. మా అమ్మ నా చెయ్యి పట్టుకుని ‘ఫైలిన్ రాత్రి ఇలాగే అరిచింది కదరా’ అంది. 2013 అక్టోబరు 12. గోపాల్‌పూర్ దగ్గర తీరం దాటింది, మా వాకిట్లో కొబ్బరిచెట్టు పక్కింటి మీద పడింది. కరెంటు లేకుండా ఎన్నాళ్ళున్నామో ఈ ఊళ్ళో అందరికీ తెలుసు. ఇక ఆ తర్వాత మా వరసలో పెద్దవాళ్ళు నవ్వలేదు.

పర్లా పద్మజ
మా వైపు తిత్లీ, 2018లో. గజపతి జిల్లాలో కొండలు జారి ఊళ్ళ మీద పడ్డాయి. మా చిన్నాన్నగారి పొలం మీద ఇప్పటికీ ఆ రాళ్ళే. మాకు ఆ గాలి శబ్దం వినిపిస్తే ఎవరూ సినిమా చూడరు, ఫోన్లు తీసి వాతావరణం చూసుకుంటారు.

గుణుపురం మాస్టారు
ఇక్కడో సంగతి చెప్పాలి. ఆ సినిమాలో ముందు అనుకున్నది తుఫాను కాదు, వరద. 1927లో మిస్సిసిప్పి నదికి పెద్ద వరద వచ్చి లక్షల మంది నిరాశ్రయులయ్యారు. వరద మీద నవ్వులేమిటని నిర్మాతల వైపు నుంచి అభ్యంతరం వచ్చింది. దాంతో సుడిగాలిగా మార్చారు. అంటే వాళ్ళ జనానికి ఏది పచ్చిగాయమో చూసుకుని దాన్ని తప్పించారు. వాళ్ళు తప్పించుకోవడానికి ఎంచుకున్నదే వచ్చి మన తీరం వాళ్ళకి తగిలింది.

జయపురం జానకి
మాస్టారూ, ఈ ముక్క నాకు తెలియదు. ఎంత విచిత్రం.

కీబోర్డు కిట్టు
గోపి గారూ, గాలి శబ్దం గురించి అమ్మగారి మాట నాకు ఎక్కింది. నేను పుట్టి పెరిగింది విజయనగరం అవతల, ఫైలిన్ టీవీలో చూశాను అంతే. ఇంకెప్పుడైనా వాయిస్తే గాలిని వయొలిన్‌కి అప్పజెబుతాను. అక్కడ నిజం గాలి అక్కర్లేదు, కీటన్ వాలిపోవడమే కనబడుతోందిగా.

ఇచ్ఛాపురం అల్లుడు
దీన్ని మాత్రం ఒప్పుకుంటాను. మా అత్తగారు కూడా అక్కడే లేచి టీకి వెళ్ళిపోయారు. ఉప్మా, ఘుగ్ని అయిపోయాయేమో అన్న భయంతో అనుకున్నాను.

రాయగడ రాజు
ఉప్మా, ఘుగ్ని పెట్టారా? ఇంత ముఖ్యమైన విషయం ఇప్పుడా చెప్పేది?

పర్లా పద్మజ
ఇంతకీ నేను ఈ చర్చలోకి వచ్చింది వేరే పని మీద. పర్లాకిమిడిలో మేం కొందరం కలిసి చిన్న షో వేద్దామనుకుంటున్నాం. హాలు చిన్నది, వందమంది పడతారు. తెలుగువాళ్ళు, ఒడియావాళ్ళు సగం సగం. పిల్లలు, పెద్దలు ఇద్దరూ వస్తారు. ఏ సినిమా అయితే బాగుంటుంది?

సిరొంచ శ్రీను
చాప్లిన్ వేయండి. ‘సిటీ లైట్స్’. చాప్లిన్ అంటే అందరికీ తెలుసు.

ఇచ్ఛాపురం అల్లుడు
‘సిటీ లైట్స్’కి ఒక చిక్కుంది. అది 1931. అప్పటికి టాకీలు వచ్చేసినా చాప్లిన్ మాటలు వద్దని, సంగీతం మాత్రం తానే కట్టి రికార్డు చేయించి బొమ్మకి జోడించాడు. స్వరాలు రాయడం రాదు, తను కూనిరాగం తీస్తే పక్కనున్నవాళ్ళు రాసుకునేవారు. దాని మీద మన సంగీతం వాయిస్తే ఉన్నదాన్ని తీసేసి వాయించాలి, చాప్లిన్ కట్టిందే వాయించాలంటే అనుమతి కావాలి. మన చట్టంలో సినిమా మీద హక్కు విడుదలయ్యాక 60 ఏళ్ళు, సంగీతం మీద హక్కు కట్టినవాడు పోయాక 60 ఏళ్ళు. ఆయన పోయింది 1977లో. లెక్క వేసుకోండి.

కీటన్ 1920లలో తీసినవాటికి ఆ గొడవ లేదు. కానీ ఈమధ్య ఎవరో కొత్త సంగీతం కలిపిన డిస్కు తెచ్చి దాని సౌండ్‌తో వేస్తే అది మళ్ళీ వేరే హక్కు. సౌండ్ తీసేసి మీ వాద్యాలతో వేసుకోండి.

రాయగడ రాజు
అల్లుడుగారు ఇంత చదువుకున్నారని మాకు తెలియదు. అత్తగారికి తెలుసా?

జయపురం జానకి
హెరాల్డ్ లాయిడ్ ‘సేఫ్టీ లాస్ట్’ (1923) వేయొచ్చు. గడియారం ముల్లు పట్టుకుని వేలాడే మనిషి బొమ్మ అందరూ చూసే ఉంటారు. 1919లో ఫోటో తీయించుకుంటుండగా చేతిలో ఉన్నది ఉత్తి బాంబు అనుకుంటే నిజంగా పేలి అతని కుడిచేతి బొటనవేలు, చూపుడువేలు పోయాయి. ఆ తర్వాత తొడుగు వేసుకుని నటించాడు. గోడెక్కే మనిషికి ఒక చేతికి రెండు వేళ్ళు లేవు. ఇది ముందు చెప్పి వేస్తే జనం కుర్చీ అంచున కూర్చుంటారు.

గేటుబజార్ గోపి
ముందు చెప్పొద్దు. చెబితే చేతినే చూస్తారు.

గుణుపురం మాస్టారు
నా ఓటు ‘ద జనరల్’కి. 1926. మొత్తం రైలు మీదే. ఆరెగాన్ రాష్ట్రంలో నిజం వంతెన కట్టి, దానికి నిప్పుపెట్టి, నిజం ఇంజను దాని మీదికి పంపి నదిలో పడేశారు. ఒక్క షాటుకి 42,000 డాలర్లు అయిందంటారు. ఆ ఇంజను రెండో ప్రపంచ యుద్ధం దాకా ఆ నదిలోనే పడి ఉంది, అప్పుడు ఇనుము కోసం తీసుకుపోయారు.

మన జనానికి రైలు అంటే ప్రాణం. నౌపడా నుంచి మొదలైన చిన్న రైలు 1900లో పర్లాకి వచ్చింది, తర్వాత మెల్లగా గుణుపురం చేరింది. నేను దానిలోనే కాలేజీకి వెళ్ళాను. 2004లో ఆపేసి, 2011కి గుణుపురం దాకా పెద్ద పట్టాలు వేశారు. ఆ పాత రైలు ఎరిగినవాళ్ళు ఇంకా ఉన్నారు. కీటన్ ఇంజను ముందు కూర్చుని పట్టాల మీద దుంగ విసిరే సీను చూస్తే వాళ్ళ కళ్ళు వెలుగుతాయి.

రాయగడ రాజు
మాస్టారూ, ఆ చిన్న రైల్లో సీను తీస్తే కీటన్ మధ్యలో దిగి, టీ తాగి, పరిగెత్తకుండానే మళ్ళీ ఎక్కేసేవాడు.

గుణుపురం మాస్టారు
మేం ఎక్కేవాళ్ళం. మామిడికాయలు కోసుకుని మరీ.

పర్లా పద్మజ
‘జనరల్’ నాకూ ఇష్టమే గానీ గంటకి పైనే నడుస్తుంది. చిన్నపిల్లలు, మొదటిసారి. కాస్త చిన్నది ఉందా?

కీబోర్డు కిట్టు
‘షెర్లాక్ జూనియర్’, 1924. ముప్పావుగంటలో అయిపోతుంది. సినిమా హాల్లో ప్రొజెక్టర్ తిప్పే కుర్రాడు కునుకు తీస్తాడు, కలలో లేచి నేరుగా తెరలోకి నడిచి వెళ్ళిపోతాడు. లోపల సీన్లు మారిపోతుంటాయి. బెంచీ మీద కూర్చోబోతే అది వీధి అయిపోతుంది, వీధిలో నడుస్తుంటే కొండ అంచు, అక్కడినుంచి చూస్తే సింహాలు, సముద్రంలో రాయి మీద నుంచి దూకితే మంచు. నూరేళ్ళ కిందట, కంప్యూటర్ లేకుండా. ఇందులోనే నీళ్ళ ట్యాంకు గొట్టం కింద పడి మెడ ఎముక విరిగింది, ఆ సంగతి ఏళ్ళ తర్వాత ఎక్స్‌రే తీస్తే గానీ అతనికే తెలియలేదు.

మద్దెల మూర్తి
ఆ సీన్లు మారే చోట సీను సీనుకీ సంగీతం మార్చకండి. తాళం ఒక్కటే నడవాలి. వాద్యం మాత్రం మారుతుండాలి. అతని నడక ఆగలేదు కదా, మారింది చోటే.

కీబోర్డు కిట్టు
నేను సీను సీనుకీ మార్చాలనే అనుకున్నాను ఇన్నాళ్ళూ. మీ పద్ధతిలో ఒకసారి, నా పద్ధతిలో ఒకసారి వాయించి చూద్దాం.

సిరొంచ శ్రీను
ఒక సందేహం. పాత సినిమాల్లో మనుషులు ఎందుకు ఎగిరెగిరి గబగబా నడుస్తారు? అప్పట్లో అలాగే నటించేవారా?

ఇచ్ఛాపురం అల్లుడు
కెమెరాని చేత్తో తిప్పేవారు. సెకనుకి 16 బొమ్మలు, 18, 20, తిప్పినవాడి చేతిని బట్టి. టాకీలు వచ్చాక 24కి స్థిరపడింది. 16కి తీసింది 24కి వేస్తే నడక పరుగవుతుంది. కామెడీల్లో కావాలని కూడా కొంచెం నెమ్మదిగా తిప్పి తీసేవారు, తెర మీద చురుగ్గా కనబడాలని. అందుకే ఒకే సినిమా ఒక ప్రింటు 70 నిమిషాలు, ఇంకో ప్రింటు ఇంకొంచెం ఎక్కువ. కిట్టు గారి కాగితం పనికిరాకుండా పోయింది దీనివల్లే.

పర్లా పద్మజ
ఇంగ్లీషు కార్డుల సంగతి ఏం చేయాలి? బరంపురంలో ఒకాయన మైకులో ముందు ఒడియాలో, తర్వాత తెలుగులో చదివారట కదా.

గేటుబజార్ గోపి
చదివారు. ఒడియా అయ్యేసరికి కార్డు పోయింది, తెలుగు అయ్యేసరికి తర్వాతి సీను సగమయింది. రొట్టె సీనులో అసలు చమత్కారం కార్డు మీదే ఉంది, పిండి కలిపేటప్పుడు పనిముట్ల పెట్టెలో పడి ఉంటుంది అని కీటన్ అంటాడు. ఆయన మైకు పట్టుకుని అది చదివేటప్పటికి తండ్రి ఊచల దగ్గరికి వచ్చేశాడు.

గుణుపురం మాస్టారు
కీటన్ సినిమాల్లో కార్డులు తక్కువే. మన పాత మూకీల్లో ఒకే కార్డు మీద రెండు మూడు భాషల్లో రాసేవారు. మీరు కూడా ప్రొజెక్టర్‌లో తెలుగు, ఒడియా రెండు వరసలు కింద వేయించండి. మైకు వద్దు.

జయపురం జానకి
మైకులో చెప్పేవాడు మంచివాడైతే మైకు ఉండాలి. బుర్రకథలో వంత హాస్యగాడు ఉన్నట్టు, కార్డు చదవకుండా కథలో దూరి నవ్వించేవాడు. కానీ అలాంటివాడు దొరకడు. కాబట్టి మాస్టారు చెప్పిందే నయం.

మద్దెల మూర్తి
వాద్యాల మాటకొస్తే, కీబోర్డు మీద ఇంగ్లీషు సంగీతమే వాయించాలని రూలేమీ లేదు. మన గంజాం ప్రహ్లాద నాటకంలో ముఖవీణ (చిన్న సన్నాయి లాంటిది), మద్దెల, హార్మోనియం, తాళాలు, ఇవన్నీ నటుడి అడుగుని చూసి నడుస్తాయి. హిరణ్యకశిపుడు మెట్లు దిగుతుంటే ఎలా వాయిస్తారో ఒకసారి చూడండి. ఆ మనుషుల్లో ఒక్కరిని కూర్చోబెట్టండి, సినిమా ముందు రెండుసార్లు చూపించి.

నిశ్శబ్దం ప్లీజ్
బస్టర్ కీటన్‌కి ముఖవీణ? బావుంది వరస.

జయపురం జానకి
ఎందుకు బాగోదు? ముత్తుస్వామి దీక్షితుల వారు ఇంగ్లీషు బ్యాండు వరసలు విని సంస్కృత సాహిత్యం కూర్చి నోట్టుస్వరాలు చేశారు. మనం వయొలిన్ నేర్చుకునే మొదట్లో వాయించే ‘శ్యామలే మీనాక్షి’ అందులోదే. ‘సంతతం పాహిమాం’ వరస అయితే బ్రిటిష్ జాతీయగీతానిదే. దీక్షితుల వారి చేతుల మీదుగా ఆ వరసలు ఇటు వచ్చి రెండు వందల ఏళ్ళు. ఇప్పుడు వాటిని కీటన్‌కి తిరిగి వాయిస్తే తప్పేమిటి?

కీబోర్డు కిట్టు
జానకి గారూ, ఇది నాకు ఎందుకు తట్టలేదు! నోట్టుస్వరాలు నడక సీన్లకి అచ్చంగా సరిపోతాయి. ‘షెర్లాక్ జూనియర్’లో మోటార్‌సైకిల్ పరుగుకి కదనకుతూహలం రాగంలో చిట్టస్వరాలు. మోటార్‌సైకిల్ తోలేవాడు పడిపోయినా తెలియక కీటన్ హ్యాండిల్ మీద కూర్చుని పోతూనే ఉంటాడు కదా, అక్కడ మద్దెల ఆగిపోయి వయొలిన్ ఒక్కటే పోవాలి. అతనికి తెలిసినప్పుడు మద్దెల మళ్ళీ అందుకోవాలి.

గేటుబజార్ గోపి
ఇది బాగుంది. దీనికి నేను పర్లా వస్తాను.

పర్లా పద్మజ
అయితే ‘షెర్లాక్ జూనియర్’ ఖాయం. ప్రింటు పెన్‌డ్రైవ్‌లో కిట్టు గారికి ముందే ఇస్తాను, షో రోజు అదే పెన్‌డ్రైవ్ పెడతాం. వాద్యాలవాళ్ళకి తెర ఎదురుగా చోటు. కావాలంటే ముందు వరస కుర్చీలు తీసేస్తాం.

రాయగడ రాజు
ముందు వరస తీసేస్తే ముఖ్య అతిథి ఎక్కడ కూర్చుంటాడు?

పర్లా పద్మజ
ముఖ్య అతిథి లేడు. జ్యోతి ప్రజ్వలన లేదు. శాలువా లేదు.

రాయగడ రాజు
ఇది నిజంగా తెలుగువాళ్ళు పెడుతున్న సభేనా?

మద్దెల మూర్తి
మద్దెలకి నేను వస్తాను. వయొలిన్‌కి మా మరదలు ఉంది గానీ దానికి కచేరీ తప్ప ఇంకోటి రాదు. పక్కవాడు కళ్ళు మూసుకుని పాడితే తనూ కళ్ళు మూసుకుని వాయిస్తుంది.

కీబోర్డు కిట్టు
కళ్ళు తెరిచి వాయించమని చెప్పండి, మిగతాది నేను చూసుకుంటాను. ‘శ్యామలే మీనాక్షి’ వస్తే చాలు. ఆదివారం పొద్దున మా ఇంట్లో కూర్చుందాం.

రాయగడ రాజు
టికెట్ ఎంత? షో అయ్యాక రాయగడకి బస్సు దొరుకుతుందా?

పర్లా పద్మజ
టికెట్ లేదు, డబ్బా పెడతాం, ఇష్టమైనంత వేయండి. సాయంత్రం అయిదింటికి మొదలు, ఆరుకల్లా బయట ఉంటారు. రాత్రి బస్సు నమ్ముకోకండి, గుణుపురంలో మాస్టారి ఇంట్లో పడుకోండి.

గుణుపురం మాస్టారు
రండి. కానీ మా ఇంట్లో మంచాలు రెండే.